వాగుకు ఇవతల పది రోజులు

పోయిన నెలలో ఒక ఆదివారం మా అబ్బాయి, కోడలు కలిసి నన్నూ నా భార్యనూ కారులో ఎక్కించుకుని, పెద్దపల్లి దాటాక రోడ్డు పక్కన కొత్తగా వెలిసిన ఒక పల్లె విడిదికి తీసుకుపోయారు. గోదావరిఖనిలో ముప్ఫై ఏళ్లకు పైగా బొగ్గు దుమ్ము మింగిన మనిషికి ఒక పూటైనా మంచి గాలి తగలనిద్దామని వాళ్ల ఆశ. వాళ్లను తప్పు పట్టను. గేటు దగ్గర రాగి చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చారు. లోపల వేపచెట్ల కింద పన్నెండు నులక మంచాలు వరుసగా వేసి, ఒక్కోదానికి ఒక్కో నంబరు రేకు కట్టారు. మాది తొమ్మిది. వంటశాలలో మట్టిపొయ్యి ఉంది, దాని మీద ముగ్గు కూడా ఉంది, కాని వంగి చూస్తే లోపల గ్యాసు మంట నీలంగా మండుతున్నది.

"మామయ్యా, జర ఒరగుండ్రి. ఈడికొచ్చి మిమ్ముల ఎవ్వలూ డ్యూటీకి పిలువరు" అని కోడలు నవ్వింది.

ఒరిగాను. అంతలో తలపాగా చుట్టుకున్న మనిషి ఒకడు మోదుగాకు విస్తరిలో సర్వపిండి తెచ్చి పెట్టాడు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపి, లోతు గిన్నె అడుగున చేత్తో ఒత్తి, నూనె దిగడానికి వేలితో బొక్కలు పొడిచి, సన్నని సెగ మీద కాల్చే రొట్టె అది. మా వైపు వాళ్లకు ఈ వర్ణన అక్కర లేదు, చదువుతుంటేనే నోట్లో నీళ్లూరి ఉంటాయి. నేను తుంచకముందే బొక్కలు లెక్కపెట్టాను. అది నా అలవాటు, కొందరు తినబోయే ముందు దండం పెట్టినట్టు. ఏడు ఉన్నాయి. ఏడూ సమాన దూరంలో, ఒకే కొలతలో, అచ్చుతో గుద్దినట్టు ఉన్నాయి. మా అక్క చేసే దానికి అయిదే ఉండేవి. ఒక ముక్క కొరికి విస్తరి పక్కకు జరిపాను. కారం ఎక్కువైందనుకుని కోడలు నీళ్లు అందించింది. కారం కాదని ఆ పిల్లకు ఎలా చెప్పడం? ఇరవై రెండేళ్ల కిందటి పది రోజుల గురించి నేను ఇంతవరకు మా ఇంట్లోనే ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నా ఈడు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. నేను ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివి, కంపెనీలో మజ్దూరుగా చేరి, కొన్నేళ్లకు సర్వే సెక్షనులో పడ్డాను. పని పెద్దదేమీ కాదు; గొలుసు పట్టుకుని నడవడం, అంకెలు గీసిన కొలకర్రను నిటారుగా నిలబెట్టి సారు చెప్పిన చోటికల్లా మోయడం. కాని అంకెలంటే నాకు చిన్నప్పటి నుంచి ఒక పిచ్చి. సార్లు పారేసిన పాత కొలతల పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని, వాళ్లు చేసిన లెక్కనే మళ్లీ చేసి, వాళ్ల జవాబూ నా జవాబూ కలిసేదాకా కూర్చునేవాణ్ణి. ఎత్తుపల్లాల లెక్క అలా వచ్చింది, కోణాల పట్టికలు చూడడం అలా వచ్చింది. నాలుగేళ్లు తిరిగేసరికి సార్లే తమ కూడికలు సరిచూడమని నాకు ఇచ్చేవారు. ఒక్క ఇంగ్లీషు మాత్రం రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. అంకె ఏ భాషలోనైనా అంకే కదా అనుకునేవాణ్ణి.

సెలవు అన్న మాట ఎరగను. ఆదివారం చేసే డ్యూటీని మా దగ్గర ప్లే డే అంటారు. వరుసగా ఎన్ని ప్లే డేలు చేశానో వేళ్ల మీద చెప్పేవాణ్ణి, అదేదో బిరుదులాగా. పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు ఉంటే అయిదింటికే లేచి, టిఫిను డబ్బాలో చల్లారిన అన్నం ఏ బండరాయి మీదనో కూర్చుని ఎనిమిది నిమిషాల్లో ముగించేవాణ్ణి. ఏం కూర తిన్నావని ఇంటికి వచ్చాక అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. అలా తిని తిని కడుపులో పుండు పడింది. దవాఖానలో డాక్టరు నా చీటీ మీద మందుల పేర్ల కింద పది రోజుల విశ్రాంతి అని రాసి, మందుల కంటే ఇదే ముఖ్యమని చెప్పాడు. నాకు తెలిసిన విశ్రాంతి స్థలం లోకంలో ఒక్కటే: మా అక్క ఇల్లు.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అక్కకు పద్నాలుగు. అన్నం పెట్టిన చెయ్యి ఆమెదే. ఆమెను ఇచ్చిన ఊరు ఖనికి పదహారు కిలోమీటర్లు. పక్కన వాగు, వాగు గట్టు దాటాక జొన్నచేలు, చేల నడుమ నలభై ఏడు గడపలు. పిల్లల బడి మూలంగా నా భార్య రాలేకపోయింది. నేనొక్కణ్ణే సంచి పట్టుకుని దిగాను.

విశ్రాంతి తీసుకోవడం ఒక విద్య అని, అది రానివాడికి మంచం కూడా ముళ్లకంప అవుతుందని నాకు మొదటి నాలుగు రోజుల్లో తెలిసింది. అయిదింటికి మెలకువ వచ్చేది. లేచి ఏం చేయాలో తెలిసేది కాదు. అక్క ఇంకా వాకిలి ఊడవకముందే నేను వాకిలి కొలిచేవాణ్ణి. బావికి ఎన్ని మెట్లో, పశువుల కొట్టానికి ఎన్ని వాసాలో లెక్కపెట్టేవాణ్ణి. నా నడక నూరడుగులకు డెబ్బై నాలుగు మీటర్లు, ఇది నేను పనిలో ఎన్నోసార్లు సరిచూసుకున్న లెక్క. అక్క గడప నుంచి వాగు ఇవతలి గట్టు దాకా నడిచి చూస్తే అయిదు వందల యాభై రెండు అడుగులు వచ్చాయి, అంటే నాలుగు వందల ఎనిమిది మీటర్లు. ఊరికే కూర్చోవడం చేతగాక కొలిచాను. పది నిమిషాలకు ఒకసారి చేతి గడియారం చూసుకుని, ఇప్పుడు మొదటి షిఫ్టు వాళ్లు దిగి ఉంటారు, ఇప్పుడు చాయ్ తాగుతుంటారు అనుకునేవాణ్ణి.

మా బావకు నోరు ఊరుకునేది కాదు. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేవాడు, ఎగతాళి లేకుండా ఒక్క మాట మాట్లాడేవాడు కాడు.

"ఏం బామ్మర్ది, పొద్దుగాల్నే మా వాకిలి కొలుస్తున్నవ్, కంపెనీకి అమ్ముతవా ఏంది? గా గడియారం చేతికి కట్టుకున్నవా, మింగినవా? పక్కన కూసుంటే నీ కడుపుల టిక్కు టిక్కుమంటున్నది" అనేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను స్నానానికి పోయి వచ్చేసరికి గూట్లో పెట్టిన గడియారం లేదు. ఇల్లంతా వెతికాను. బావ చుట్ట కాలుస్తూ నన్నే చూస్తున్నాడు. చివరికి, దాన్ని గుడ్డలో మూటగట్టి జొన్నల గుమ్మిలో అడుగుకు తోశానని, పది రోజులు నిండినాక గుమ్మి వంచుకుని తీసుకోవచ్చని చెప్పాడు. గుమ్మిలో ఎంత లేదన్నా మూడు బస్తాల జొన్నలున్నాయి. నాకు కోపం వచ్చింది, నిజం. అక్క నా వైపు మాట్లాడుతుందనుకుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మర్నాడు నేను లేచేసరికి ఎండ గోడ మీదికి వచ్చి ఉంది. ఎంతైందో తెలియలేదు. తెలియకపోవడం ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది.

ఆ తరువాతి రోజుల గురించి ఏం చెప్పను? పొద్దున జొన్నరవ్వ ఉడికించిన గట్క, అందులో మజ్జిగ, పక్కన దంచిన ఉల్లిగడ్డ కారం. మధ్యాహ్నం అక్క నన్ను పొయ్యి ముందరే కూర్చోబెట్టి, చేతుల మీద చప్పట్లు కొట్టినట్టు చరిచి కాల్చిన జొన్నరొట్టె ఒక్కొక్కటి వేడివేడిగా పళ్లెంలోకి విసిరేది. దానికి పుంటికూర పప్పు, పచ్చిపులుసు. రొట్టె చల్లారకముందే తినాలి, తినడం అయ్యేలోపల ఇంకొకటి పడాలి, ఆ తాళం ఆమెకే తెలుసు. ఒకనాడు బావ వాగులో గాలం వేసి తెచ్చిన చేపలను చింతపులుసులో పెట్టి, ఇప్పుడు తినొద్దు, రేపటికి ముక్కకు పులుసు పడుతుందని ఉట్టి మీద దాచింది. రేపటి దాకా ఒక కూర కోసం ఎదురుచూడడం నా బతుకులో అదే మొదటిసారి. తిన్నాక వేపనీడన మంచం మీద పడి, నులక వీపు మీద గళ్లు అచ్చువేసేదాకా నిద్రపోయేవాణ్ణి. కడుపులో మంట ఎప్పుడు పోయిందో గమనించనే లేదు.

సాయంత్రం సర్వపిండి. ఆమెకు రెండు గిన్నెలుండేవి. ఒకటి పొయ్యి మీద ఉంటే రెండోది నీళ్లలో చల్లారుతుండేది, వేడి గిన్నెలో పిండి ఒత్తరాదు కనుక. వంట గది అని దాన్ని అనకూడదు. ఇంటి వెనక వాలుగా దింపిన చిన్న చూరు. పొగ పోయే దారి లేదు. ఆమె దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, పిండిని గిన్నెలో పరిచి అయిదు వేళ్లూ ఒక్కసారే గుచ్చి తీసేది, అంతే, అయిదు బొక్కలు, బొటనవేలిది కొంచెం ఎడంగా. కొలతలు రాసుకుందామని నేను కాగితం పట్టుకుని కూర్చుంటే, పిడికెడు అనేది, జరంత అనేది, చెయ్యికెరుక అనేది. ఎన్ని తులాల ఉప్పో చెప్పమని పట్టుబట్టినందుకు తడి పిండి నా ముక్కుకు రాసింది. ముప్ఫై నాలుగేళ్ల వాణ్ణి అప్పుడు.

ఎనిమిదో రోజు. ఈ రోజు గురించే ఇదంతా రాస్తున్నాను.

ఓపెన్ కాస్టు పడుతుందని, భూమిని పైనుంచి తవ్వుకుంటూ పోయే ఆ గనికి ఊళ్లు ఖాళీ చేసి లేవాలని అప్పటికి నాలుగేళ్లుగా చుట్టుపక్కల పుకారు. ఆ పుకారు వల్లనే అక్క తన వంటగది కట్టుకోలేకపోతున్నది. పెంకులు పరిచిన పెద్ద గది, తూర్పుకు కిటికీ, పొగకు గొట్టం, ఎనిమిది మంది ఒకేసారి కూర్చుని తినే జాగా: ఆమె కోరిక అంతే. బావకేమో వేరే ఆలోచన ఉంది. ఎగువన ఉన్న ఊళ్లో ఆయన అన్న, తన చేను పక్కనే పొలం అమ్మకానికి ఉంది, వస్తే తీసుకో, ఈ నెల దాటితే వేరేవాళ్లకు పోతుందని కబురు పెట్టాడు. ఊరు పోయేదే అయితే ఇప్పుడే పోవాలి, మట్టి ఉన్న చోటికి. ఉండేదే అయితే పోవడమెందుకు? ఇది వాళ్లిద్దరి మధ్య ఎప్పటి నుంచో నలుగుతున్న మాట.

ఆ సాయంత్రం కడుపు నిండా తిని, మంచం మీద కాలు మీద కాలు వేసుకుని ఉన్నాను. ఇరుగుపొరుగు నలుగురు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. బావ ఎప్పటి ఎగతాళి మాని అడిగాడు.

"బామ్మర్ది, ఒక్క మాట. నక్షాలు నీ చేతుల మీదికెల్లే పోతయి గదా. మా ఊరు ఉంటదా, పోతదా?"

నేను పనిలో ఉంటే ఆ మాటకు నోరు తెరిచేవాణ్ణి కాదు. సార్లను అడగాలి అని తప్పించుకునేవాణ్ణి. కాని ఆ రోజు నేను విశ్రాంతి నేర్చిన మనిషిని, వెన్నెముక లేని మనిషిలా హాయిగా ఉన్నాను, పైగా నలుగురు నా మాట కోసం కూర్చున్నారు. పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తెమ్మని, అక్క ఇంటి సున్నపు గోడ మీద నక్షా గీశాను. వాగు గీశాను. వాగుకు అవతల, ఆఫీసు నక్షాలో ఎర్రగా ఉండే గీత. గని హద్దు అదే, నా కళ్లతో చూసినది. ఆ గీత వాగు అవతలి గట్టు మీదే ఆగుతుంది. ఇవతలి గట్టు నుంచి మీ గడపకు నాలుగు వందల ఎనిమిది మీటర్లు, మొన్ననే నడిచి కొలిచాను, వాగు వెడల్పు అదనం అని చెప్పాను. గుండ్రంగా నాలుగు వందలు అని చెప్పి ఉంటే కొంచెం అనుమానమైనా మిగిలేదేమో. నాలుగు వందల ఎనిమిది అనేసరికి అందరూ తలలూపారు.

"గంత లెక్కగ చెప్పినంక ఇంకేముంది! ఏందే, గట్టుకో నీ వంటర్ర. పది మందికి సరిపోయేటంత గట్టుకో" అని బావ అక్కను కేకేశాడు.

ఆమె నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లింది. పిండి చెయ్యి. ఇంకా గుర్తు.

పదో రోజు బావ గుమ్మిలోంచి గడియారం తీసి, అది ఆగి ఉంటే, జొన్నలు తిని నిద్రపోయిందని నవ్వి నా చేతికి కట్టాడు. ఎగువ ఊరి పొలం వద్దన్నాడు. ఆ ఎండాకాలంలోనే వంటగది లేచింది, కిటికీ తూర్పుకు. చేలో కొత్త బావి తవ్వించాడు. వంటగది తొలిరోజు భోజనానికి నన్ను పిలిస్తే ప్లే డే ఉందని పోలేదు.

మూడేళ్లు గడిచాయి. ఒకనాడు ఆఫీసులో కొత్తగా చేరిన కుర్ర సర్వేయరు ఆ పాత నక్షానే బల్ల మీద పరిచాడు. చుట్ట చుట్టుకుపోయే కాగితం అది. మూలల మీద బరువులు పెట్టడం మొదటి నుంచి నా పని, కింది కుడి మూల మీద ఎప్పుడూ నేనే ఒక నున్నటి రాయి పెట్టేవాణ్ణి. అతను ఆ రాయి పక్కకు జరిపి, దాని కింద ఉన్న నాలుగు ఇంగ్లీషు పంక్తులు చదివి, నా మొహం చూసి తెలుగులో చెప్పాడు. ఈ హద్దు మొదటి దశకు మాత్రమేనట. రెండో దశలో వాగును మళ్లించి ఇవతలికి వస్తారట. ఎప్పటి నుంచి ఉంది ఈ రాత అని అడిగాను. నక్షా గీసిన నాటి నుంచేనన్నాడు. కింద తేదీ చూపించాడు. అది అంకె కనుక నేను చదవగలిగాను. నేను అక్క గోడ మీద బొగ్గుతో గీసిన దానికి ఏడాదిన్నర ముందటి తేదీ.

కంపెనీ ఏదీ దాచలేదు, గీత ఎవరూ జరపలేదు. అంకెలన్నీ చదివి, అక్షరాల మీద రాయి పెట్టినవాణ్ణి నేనే.

ఊళ్లోకి నోటీసులు వచ్చినప్పుడు అక్క నన్నే ఓదార్చింది, గీత జరిపితే నువ్వేం చేస్తావని. అవునన్నట్టు తల వంచుకున్నాను. ఆ తలవంపే నా అబద్ధం. నోరు తెరిచి చెప్పిన అబద్ధమైతే ఎప్పుడో ఒకనాడు వెనక్కి తీసుకునేవాణ్ణేమో. ఊరు లేచే ముందు చివరి కొలతలకు వచ్చిన జట్టులో నేనున్నాను. కొలకర్ర ఆ వంటగది గడప మీద నిలబెట్టింది నేను. కట్టి నిండా అయిదేళ్లు కాలేదు, పెంకులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. లోపల పొయ్యి మీద పులుసేదో ఉడుకుతున్నది. తిని పొమ్మంది. డ్యూటీలో ఉన్నానన్నాను.

ఊరు కాలనీ అయింది. అన్నీ ఒకే కొలత ఇళ్లు, వరుసలు, నంబర్లు. నాకు నచ్చవలసిన ఊరే. మట్టి లేదు, జొన్న లేదు, గుమ్మి పెట్టే చోటు లేదు. ఎగువ ఊరి పొలం ఎప్పుడో వేరేవాళ్ల చేతికి పోయింది. నాగలి తప్ప తెలియని బావ ఒక గోదాము గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పనికి కుదిరాడు. నేను మొదటిసారి ఆ ఇంటికి పోయినప్పుడు ఆయన లేచి నిలబడి కుర్చీ జరిపాడు.

"రాండ్రి. కూసోండ్రి. మీరు చాయ్ తాగుతరా?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా నువ్వు, బామ్మర్ది, గడియారం అన్న నోటితో మీరు అన్నాడు. ఎగతాళేమో అనుకుని మొహం చూశాను. కాదు. తిట్టినా పడేవాణ్ణి, చెంప మీద కొట్టినా పడేవాణ్ణి. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన నన్ను మీరు అనే అన్నాడు, ఒక్క ఎకసెక్కం ఆడలేదు. పదకొండేళ్లు. ఆయన పోయి ఇప్పుడు ఆరేళ్లు.

నేను పోవడం తగ్గించాను. కాలనీ వచ్చాక ఈ పదిహేడేళ్లలో పదకొండుసార్లు పోయాను, పోయినప్పుడల్లా రెండు గంటలు. ఇరవై రెండు గంటలు. నన్ను పెంచిన మనిషికి ఒక పూర్తి దినం కూడా ఇవ్వలేదు, ఇంకా రెండు గంటలు బాకీ.

పల్లె విడిదిలో ఆ ఏడు బొక్కల సర్వపిండి చూసి వచ్చిన మర్నాడే పది రోజులకు సెలవు పెట్టాను. మా సెక్షనులోని కుర్రవాళ్లు నమ్మలేదు. నేరుగా కాలనీకి పోయాను. అక్కకు అరవై నాలుగు. ఒంటరిగా ఉంటుంది, రెండు రోజులకొకసారి చౌరస్తాలోని కర్రీ పాయింటు నుంచి కూర తెచ్చుకుంటుంది, ఒక్క ప్రాణానికి ఏం వండాలె అంటుంది. నన్ను చూసి మాత్రం పిండి డబ్బా దించింది. ఆమె గ్యాసు పొయ్యి ముందు నిలబడి పిండి కలుపుతుంటే, నేను గుమ్మానికి ఆనుకుని, రాయి సంగతి, దాని కింది రాత సంగతి మొత్తం చెప్పాను. గీత జరగలేదక్కా, నాకు చదవ రాలేదు, తెలిశాక చెప్పలేదు అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు.

"మీ బావకెరుకేరా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఊరు లేవకముందే ఎరుక. పంచాతి ఆఫీసుల నక్షా పెడితే సదువుకున్నోళ్లు సదివి చెప్పిండ్రట. ఇంటికొచ్చి వాకిట్ల కూలబడ్డడు. నీ తమ్మునికి అంకెలొచ్చుగని అచ్చరాలు రావే అన్నడు. మనకెరుకైనట్టు వానికి తెలువనియ్యకు, తెలిస్తే మొకం చెల్లక మన గడప తొక్కడన్నడు."

"మరి మీరు అని ఎందుకు పిలిచిండు నన్ను?"

"కోపం ఏడన్న ఒక్కకాడ పెట్టాలె గదరా" అంది.

తెలిస్తే నేను రాకుండా పోతానేమోనని ఆయన చెప్పలేదు. చెప్పలేదు కనుక నేను రాకుండా పోయాను. ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా నాకు జవాబు కలవడం లేదు.

ఆమె పిండిని గిన్నెలో పరిచి చెయ్యి గుచ్చి తీసింది. మూడే బొక్కలు పడ్డాయి. కీళ్ల నొప్పులతో చివరి రెండు వేళ్లు వంగడం లేదు. కాల్చి, నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. అదే రుచి, అబద్ధమాడను. అదే రుచి కావడమే భరించలేకపోయాను. తింటుంటే అడిగింది.

"ఎన్ని దినాలు సెలవురా?"

పది రోజుల సెలవు చీటీ జేబులోనే ఉంది. ఈ ఒక్క పూటే అన్నాను. గంతేనా అంది. మిగిలిన ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఇప్పుడు మా సెక్షనులో గొలుసు లేదు, కొలకర్ర మోసేవాడు లేడు. ఎగిరే యంత్రం గాల్లోంచి ఫోటో తీస్తే కంప్యూటరే ఎత్తుపల్లాలు చెబుతుంది. పోయిన వారం ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, నా పాత పుస్తకంలోంచి అక్క వంటగది గడప అంకెలు చెప్పి, అక్కడ ఇప్పుడు ఏముందో చూపమన్నాను. అక్కడ ఏమీ లేదు. ఆమె పొయ్యి ఉన్న చోటు ఇప్పుడు గాలి. దాని కింద నూట పన్నెండు మీటర్ల ఖాళీ, అడుగున నీళ్లు. మట్టిపొయ్యి, నులక మంచం, జొన్నరొట్టె ఇవాళ కావాలంటే పెద్దపల్లి రోడ్డులో టికెట్టు కొని లోపలికి పోవాలి. మన చేతులతో తవ్విపోసిన దాన్నే మనం ఆదివారాలు వెతుక్కుంటున్నాం.

మిగిలిన తొమ్మిది రోజుల సెలవూ క్వార్టరు వరండాలో గడిపాను. అయిదింటికే మెలకువ వచ్చేది. పది నిమిషాలకొకసారి చేతి గడియారం చూసుకునేవాణ్ణి. విప్పి గూట్లో పెట్టి, కావాలనే స్నానానికి పోయి వచ్చేవాణ్ణి. పెట్టినచోటే ఉండేది.